తడ దగ్గర రెండు గడియారాలు

2025 సెప్టెంబరు 21, ఆదివారం, మహాలయ అమావాస్య. మన గడియారంలో ఉదయం 9 గంటల 31 నిమిషాలు. అమెరికా తూర్పు తీరంలో అప్పుడు అర్ధరాత్రి దాటి ఒక్క నిమిషం. అమెరికా బయట ఉన్నవారి కోసం కొత్తగా వేసే ఉద్యోగ వీసా హెచ్‌-1బీ పిటిషన్‌కు లక్ష డాలర్లు కట్టాలన్న ఉత్తర్వు ఆ నిమిషం నుంచే అమల్లోకి వచ్చింది. అప్పటి మారకం లెక్కన దాదాపు రూ.88 లక్షలు.

అంతకు ఇరవై రోజుల ముందు, సెప్టెంబరు 1న, మన దేశంలోనూ ఒక కొత్త చట్టం అమలు మొదలైంది. దాని పేరు ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం-2025. 1920, 1939, 1946, 2000 సంవత్సరాల నాటి నాలుగు చట్టాలను చుట్టచుట్టి దీన్ని తెచ్చారు. అమెరికా కబురు ఇంటింటా మోగింది కానీ దీన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. తమిళనాడు సరిహద్దులోని తడ వాళ్లకు మాత్రం రెండూ పక్కింటి సంగతులే. ఇక్కడి పిల్లలు అమెరికా వీసా స్టాంపింగ్‌కని 16వ నంబరు జాతీయ రహదారి మీదుగా చెన్నై కాన్సులేట్‌కు వెళ్తారు. చెన్నైలో దిగిన జపాన్, కొరియా ఇంజినీర్లు అదే రోడ్డున ఎదురొచ్చి, శ్రీసిటీ పారిశ్రామికవాడ వైపు తిరుగుతారు. ఇసుజు, కొబెల్కో, డైకిన్ అక్కడ ఉన్నాయి. 2025 మేలో ఎల్‌జీ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది.

ముందు మనవాళ్ల లెక్క చూద్దాం. హెచ్‌-1బీ కోటా ఏడాదికి 65,000. అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి మరో 20,000. ఈ రెండంకెలూ రెండు దశాబ్దాలుగా కదల్లేదు. కదిలేవన్నీ వాటి చుట్టూ ఉన్నవే. లాటరీ రిజిస్ట్రేషన్ రుసుము 2025లో 10 డాలర్ల నుంచి 215కు ఎగబాకింది. 2026 ఫిబ్రవరి 27 నుంచి లాటరీ తీరే మారింది. జీతం స్థాయి అన్నిటికన్నా పైదైన నాలుగైతే డబ్బాలో నాలుగు చీటీలు పడతాయి, ఒకటైతే ఒక్కటే. నిన్నమొన్న చదువు ముగించిన కుర్రాడికీ పదిహేనేళ్ల అనుభవజ్ఞుడికీ ఇకపై ఒకే అదృష్టం కాదన్నమాట. లక్ష డాలర్ల రుసుము కన్నా మన పిల్లలకు ఎక్కువ తగిలేది ఇదేనని నా అంచనా. 2024 ఆర్థిక సంవత్సరంలో ఆమోదం పొందిన హెచ్‌-1బీల్లో 71 శాతం భారతీయులవే మరి.

లక్ష డాలర్ల ఉత్తర్వు మీద సంతకం పడింది సెప్టెంబరు 19న. అమలు మొదలైంది 21న. మధ్యలో ఉన్న ఒక్క 20వ తేదీ ఎంత గగ్గోలు పుట్టించిందో గుర్తుండే ఉంటుంది. సెలవుకు ఇండియా బయల్దేరి విమానం ఎక్కినవారు దిగిపోయారు. ఇక్కడున్నవారు టికెట్ ధర చూడకుండా పరుగెత్తారు. పాత వీసాలకు, అప్పటికే వేసిన పిటిషన్లకు, పొడిగింపులకు ఇది వర్తించదన్న వివరణ ఆ శనివారమే వచ్చింది. అప్పటికే డబ్బు, నిద్ర రెండూ పోయాయి. వార్తలో లక్ష అన్న అంకె పెద్దది. ఎప్పటినుంచి, ఎవరికి అన్నవి చిన్న అక్షరాల్లో ఉన్నాయి. నిబంధన బతికేది ఆ చిన్న అక్షరాల్లోనే.

డిసెంబరు 15న మరో మార్పు వచ్చింది. హెచ్‌-1బీ, హెచ్‌-4 (వారి కుటుంబసభ్యుల వీసా) దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాలనూ తనిఖీ చేయడం మొదలైంది. ఆ నెలకు స్లాట్ దొరికినవారిలో చాలామందికి తేదీలు మార్చికీ, ఆ తర్వాతకూ జరిగాయి. ఇక గ్రీన్‌కార్డు సంగతి కూడికలు తీసివేతల్లో తేలేది. ఉద్యోగ కోటా ఏడాదికి 1,40,000. ఏ దేశానికైనా 7 శాతం మించకూడదంటే 9,800. భార్య, పిల్లలు కూడా అందులోనే లెక్క. వేరే దేశాలవాళ్లు వాడుకోనివి కలిస్తే కాస్త పెరుగుతుంది, అంతే.

ఇప్పుడు రోడ్డుకు అవతలి వరుస. జపాన్ పౌరులకు 2016 నుంచి, కొరియన్లకు 2018 నుంచి చెన్నై విమానాశ్రయంలోనే వీసా ఇస్తున్నారు. 60 రోజుల గడువు. యంత్రం చూసి, సమావేశంలో కూర్చుని వెళ్లడానికి అది సరిపోతుంది, జీతం తీసుకుని పని చేయడానికి పనికిరాదు. దానికి ఎంప్లాయ్‌మెంట్ వీసా కావాలి. ఏడాది జీతం రూ.16.25 లక్షలు దాటాలి. ఇక్కడివారు చేయగల మామూలు ఉద్యోగాలకు బయటివారిని తేవొద్దన్న ఉద్దేశం. అమెరికా మనవాళ్లకు చెప్పేదీ ఇంచుమించు ఇదే కదా! ఈ జీతం షరతు నుంచి తమ దేశపు వంటలు వండేవారికి మాత్రం మినహాయింపు ఉంది. జపాన్ మేనేజర్‌కు తప్పని షరతు ఆయనకు మిసో సూప్ కాచే వంటమనిషికి లేదు!

చైనా సాంకేతిక నిపుణుల దారి 2020 తర్వాత బిగుసుకుపోయింది. యంత్రం వచ్చినా దాన్ని బిగించే మనిషికి వీసా రాక ఎలక్ట్రానిక్స్ రంగం ఇబ్బంది పడింది. 2026 జనవరి 1 నుంచి ఈ-బీ-4 అనే ప్రత్యేక వ్యాపార వీసా తెచ్చారు. దాని మీద ఆరు నెలల దాకా ఉండొచ్చు.

విదేశీయుడి వీసా గడువు 180 రోజులు మించితే, దిగిన 14 రోజుల్లో రిజిస్టర్ చేసుకోవాలి. లెక్క మొదలయ్యేది వీసా చేతికందిన రోజున కాదు, భారత్‌లో కాలు పెట్టిన రోజున. విదేశీయుల నమోదుకు ప్రత్యేక కార్యాలయం లేని జిల్లాల్లో ఈ అధికారం ఎస్పీది. 2022 ఏప్రిల్ 4కు ముందు తడ నెల్లూరు జిల్లాలో, శ్రీసిటీ చిత్తూరు జిల్లాలో ఉండేవి. అంటే తడలో గది తీసుకుని శ్రీసిటీలో పనిచేసే విదేశీయుడు రోజూ రెండుసార్లు జిల్లా దాటేవాడు. ఇప్పుడు రెండూ తిరుపతి జిల్లానే. 2018 నుంచి రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లోకి మారింది కాబట్టి తిరుగుడు తగ్గింది. గడువు దాటి ఉండిపోతే కొత్త చట్టం కింద మూడేళ్ల దాకా జైలు, రూ.3 లక్షల దాకా జరిమానా.

ఇందులో విదేశీయుడిది కాని బాధ్యత కూడా ఒకటుంది. హోటలైనా, గెస్ట్‌హౌస్ అయినా, మేడ మీద గది అద్దెకిచ్చిన మామూలు ఇంటి యజమాని అయినా విదేశీయుడు దిగిన 24 గంటల్లో వివరాలు ఆన్‌లైన్‌లో పంపాలి. అడ్వాన్సు, కరెంటు బిల్లు మాట్లాడుకుని, తాళంచెవి చేతిలో పెట్టి వచ్చేస్తే అయిపోదు. అద్దెకు దిగినాయనకు 14 రోజులు. తాళంచెవి ఇచ్చినాయనకు ఒక్క రోజే.