గాలపు రీలును ఎన్నుకొనుట

విజయవాడలోని భవానీపురము నొరసికొని కృష్ణానది ప్రవహించుచున్నది. దిగువన ప్రకాశము బ్యారేజి 1957లో పూర్తియైనది. దాని ఎగువన నిలిచిన నీటి గట్టున, వెదురుకర్రకు దారము కట్టి, బెండు కూర్చి, ఎరతో గాలము వేయువారిని ఎరుగనివారుండరు. ఈ సాధనమునకు చక్రముతో పని లేదు. చేప తగులగనే కర్ర నెత్తి గట్టునకు లాగుదురు. ఈకలతో ఈగవలె కట్టిన గాలమును విసరి ట్రౌటు చేపను పట్టు విద్య వేరు. దానికి రీలు కావలెను. అట్టి రీలును కొనదలచినవారు ఏమేమి పరీక్షింపవలెనో విచారింతము.

ట్రౌటు మన కృష్ణలో మనజాలదు. దానికి చల్లని నీరు కావలెను. నీరు వేడెక్కిన కొలది అందు కరగియుండు ప్రాణవాయువు తగ్గును. 20 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన పిదప ఈ చేప క్రుంగిపోవ నారంభించును. ఆంగ్లేయుల కాలమున దీనిని విదేశములనుండి తెచ్చి కాశ్మీరపు సెలయేళ్లలోను, నీలగిరులలోను పెంచిరి. కావున మనవారు దీనికై కొండల కేగవలెను. అమెరికా, బ్రిటను దేశములందు స్థిరపడిన తెలుగువారికి ఈ అవకాశము ఇంకను చేరువ.

రీలు చేయు పనులు మూడు: దారమును నిలువచేయుట, చేప పరుగెత్తునపుడు దానిని సమముగా విడుచుట, తిరిగి త్వరగా చుట్టుకొనుట. చిన్న ట్రౌటును చేతితో దారము లాగియే ఒడ్డునకు తెచ్చుకొందురు. అప్పుడు రీలు కేవలము దారపు పెట్టె. పెద్ద చేప తగిలిననాడే దాని గుణము బయటపడును.

అన్నిటికంటె ముఖ్యమైనది దారమును అడ్డగించు బిగింపు. ఇది రెండు విధములు. పంటిచక్రముపై చిన్న నాలుక ఆడుచు టిక్కుటిక్కుమని మ్రోగునది పాతపద్ధతి. చిన్న చేపలకిది చాలును. బిళ్లల నడుమ రాపిడిచే నడచునది రెండవది. పెద్ద చేపలకిది మేలు. ట్రౌటు వేటలో ఈగను కట్టు సన్నని నైలాను పోగు మందము సుమారు 0.15 మిల్లీమీటర్లు; అది తాళగల బరువు సుమారు 2 కిలోలు. అట్టి పోగు నిలకడగా సాగు లాగుడునకు తెగదు. కదలిక ఆరంభమగు క్షణమున పడు కుదుపునకు తెగును. కావున అంగడిలోనే దారమును నెమ్మదిగా లాగి చూడవలెను. మొదటి అంగుళము కుదుపు లేక జారిన రీలే మంచిది. బిగింపు ఎంత గట్టిదను ప్రశ్న తరువాతిది.

రెండవది కండె నడిమి భాగపు లావు. 9 సెంటీమీటర్ల వ్యాసమున చుట్టబడు దారము ఒక్క త్రిప్పునకు సుమారు 28 సెంటీమీటర్లు వచ్చును. 5 సెంటీమీటర్ల వ్యాసమైనచో 16 మాత్రమే. చేప మనవైపునకు పరుగెత్తినప్పుడు ఈ భేదము తెలియును. అంతేకాక, దారము తరిగి చుట్ట సన్నబడిన కొలది లాగుటకు ఎక్కువ బలము కావలసివచ్చును. నడుము లావైన కండెలో ఈ మార్పు స్వల్పము. దారము ముడుతలు పడుటయు తక్కువ.

మూడవది బరువు. ట్రౌటునకు సాధారణముగా వాడు 5వ నంబరు కర్రకు అదే నంబరు దారము, దానికి తగిన రీలు ఉండవలెను. కర్రకు రీలు బిగించి, పిడి ముందు భాగమును ఒక వ్రేలిపై నిలిపినచో తూకము ఇట్టే తెలియును. సుమారు 27 మీటర్ల విసరుదారమును, దాని క్రింద 50 నుండి 100 గజముల అడుగుదారమును కండెలో పట్టవలెను.

1874లో అమెరికాలో చార్లెస్ ఆర్విస్ రంధ్రములు గల రీలునకు పేటెంటు పొందెను. తడిసిన పట్టుదారము గాలికి ఆరుటకు ఆ రంధ్రములు ఉపకరించెడివి. నేటి దారములు కుళ్లవు. రంధ్రములు ముఖ్యముగా బరువు తగ్గించును. మూసలో పోసిన రీలు చవక. అల్యూమినియపు దిమ్మెనుండి మలచినది రాతిపై పడినను సొట్టపోవుట అరుదు. నాగాయలంక వైపు ఉప్పునీటిలో పండుగప్పకై దానినే వాడదలచినవారు, బిగింపు భాగము నీరు చొరకుండ మూయబడియున్నదో లేదో చూడవలెను. ఇంటికి వచ్చి మంచినీట కడుగవలెను.

రేడియో కొనువారు పెట్టె నగిషీతో తృప్తిపడక స్వరము విని కొందురు. రీలు విషయమునను అంతే. సొమ్ము పరిమితమైనచో మొదట మంచి కర్ర, మంచి దారము కొని, రీలునకు మిగిలినది వెచ్చించుట యుక్తము. కాని కుదుపు గల బిగింపును మాత్రము ఎంత చవకయైనను కొనరాదు. పోగు తెగినచో చేప నోట గాలముతోనే పోవును. జంకి బిగింపును మరీ వదులుచేసినచో చేప గడియలకొలది పెనుగులాడి, విడిచిపెట్టినను బ్రతుకకపోవచ్చును. మంచి రీలు ఆ పెనుగులాటను కురుచచేయును.