గోముఖ్‌కు ముందు ఖాళీ రోజులు

మిరప కళ్లాలు ఎత్తేసి, సరుకు యార్డుకో కోల్డ్ స్టోరేజీకో చేరాక పొన్నూరు చుట్టుపక్కల ఊళ్లలో యాత్రల మాటలు మొదలవుతాయి. అక్షయ తృతీయకు గంగోత్రి గుడి తలుపులు తెరుస్తారు, ఇక్కడ తొలకరి దాకా పొలం పని తక్కువ. రెండూ కలిసొస్తాయి. ప్రయాణం కట్టేవాళ్లు నిడుబ్రోలు నుంచి విజయవాడ, అక్కడి నుంచి ఢిల్లీ రైలు టిక్కెట్లు చూసుకుని, చేతిలో ఉన్న రోజుల్లో ఎన్ని క్షేత్రాలు ఇరికించవచ్చో లెక్కేస్తారు. గంగ పుట్టే హిమానీనదం దాకా, అంటే గోముఖ్ దాకా వెళ్లదలిచినవాళ్లకు ఈ లెక్క పనికిరాదు. ఊరికే కూర్చునే రోజులు ముందు వేసుకుని, మిగతావన్నీ వాటి చుట్టూ సర్దుకోవాలి.

ఎందుకంటే బస్సు దారి గంగోత్రితో అయిపోతుంది. ఆ పైన ఉన్నది 1989లో ఏర్పడిన గంగోత్రి జాతీయ ఉద్యానం. గోముఖ్‌కు సుమారు 18 కిలోమీటర్లు నడక. రోజుకు 150 మందినే పంపుతారు. చార్‌ధామ్ యాత్ర రిజిస్ట్రేషన్ ఉన్నా, అటవీశాఖ అనుమతి వేరే తీసుకోవాల్సిందే. పొన్నూరు సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తు. ఉత్తరకాశీ దాదాపు 1,150 మీటర్లు, హర్సిల్ 2,600, గంగోత్రి 3,100, రాత్రి బస చేసే భోజ్‌బాసా 3,800, గోముఖ్ 4,000 పైచిలుకు. అంత ఎత్తులో ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ మనూళ్లో అందేదానిలో సుమారు అరవై శాతమే. ఇంటి నుంచి తీసుకెళ్లిన చిప్స్ ప్యాకెట్ గాలి కొట్టినట్టు ఉబ్బిపోతుంది. నీళ్లు 87 డిగ్రీలకే తెర్లుతాయి, మామూలు గిన్నెలో అన్నం సరిగా ఉడకదు. ఆ తేడాకు ఒళ్లు అలవాటు పడడానికి రోజులు కావాలి. మూడు వేల మీటర్లు దాటాక, నిద్రపోయే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని వైద్యులు చెబుతారు. గంగోత్రి నుంచి భోజ్‌బాసాకు ఒక్కరోజులోనే 700 మీటర్లు ఎక్కాలి కాబట్టి, హర్సిల్ దగ్గర రెండు రాత్రులు, గంగోత్రిలో రెండు రాత్రులు ఉండి కదలడం మేలు.

ఏటా వేలమంది ప్యాకేజీ బస్సుల్లో వెళ్లి క్షేమంగా వస్తున్నారు కదా అనవచ్చు. నిజమే, కానీ వాళ్లలో ఎక్కువమంది గంగోత్రిలో దర్శనం చేసుకుని కిందికి దిగిపోతారు. పొద్దస్తమానం చేలో వంగి పనిచేసే ఒళ్లు మాది, నడక మాకొక లెక్కా అన్నా అంతే. కండబలం ఎత్తు జబ్బును ఆపదు. పైగా గట్టివాళ్లే తొందరగా ఎక్కేసి దానికి చిక్కుతారు. తలనొప్పి, వాంతి, నిద్ర పట్టకపోవడం కనిపిస్తే పైకి పోకుండా ఆగాలి. తగ్గకపోయినా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వచ్చినా, నడక తడబడినా వెంటనే దిగాలి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు బయల్దేరకముందే డాక్టరును అడగాలి. ఇక గేదెలను ఎవరు చూస్తారు, నాలుగు రోజులు ఎక్కడి నుంచి తేవాలి అన్నది కాదనలేని ఇబ్బంది. అటువంటప్పుడు గోముఖ్ మానేసి గంగోత్రితో తిరిగి రావడమే సరైన పని. అందులో భక్తికి వచ్చిన లోటేమీ లేదు.

నెల ఎంపికలోనూ ఇదే వరస. వానలు వెనకబట్టాక, సెప్టెంబరు చివర్లో అక్కడ ఆకాశం తేటగా ఉంటుంది గానీ, అప్పుడు మన చేలో పత్తీ మిరపా ఉంటాయి. కాబట్టి మే నెలే మిగులుతుంది. జూన్ మొదటి వారానికల్లా కొండ దిగేలా చూసుకోవాలి: 2013లో కేదార్‌నాథ్ వరద వచ్చింది జూన్ 16, 17 తేదీల్లోనే. 2025 ఆగస్టు 5న గంగోత్రి దారిలోని ధరాలీని బురద వరద ముంచేసింది. కొండచరియ పడి దారి మూసుకుపోతే ఆగడానికి తిరుగు రైలుకు ముందు ఇంకో రోజు ఉండాలి.

నడిచే రోజున తెల్లవారుతూనే బయల్దేరాలి. చీర్‌బాసా దాటాక ఒకచోట వాలు మీది నుంచి రాళ్లు జారుతుంటాయి, మధ్యాహ్నం గాలి లేచాక మరీ ఎక్కువ. దారిలో భూర్జ చెట్ల బెరడు పాత పుస్తకంలో కాగితాల్లా పొరలు పొరలుగా లేచి ఉంటుంది. తాకి చూడండి, ఒలవకండి. చివర కనిపించేది తెల్లటి మంచు కొండ కాదు. రాళ్లూ మట్టీ కప్పేసిన బూడిదరంగు గోడ, దాని అడుగు నుంచి దూకే మురికి నీళ్లు. ముప్పై కిలోమీటర్ల ఆ హిమానీనదం 1930ల నుంచి కిలోమీటరున్నర పైగా వెనక్కి పోయింది. గోడ నుంచి మంచు పెళ్లలు విరిగి పడుతుంటాయి, దగ్గరికి పోవద్దు. గంగ నీళ్లు భోజ్‌బాసా ఒడ్డున సీసాలో పట్టుకున్నా అవే నీళ్లు.