రమ్మీలో మొదటి పాఠం.. పేక వదిలేయడం

సంగారెడ్డి: డ్యూటీ దిగి గదికి చేరతారు. అన్నం తిన్నాక చాప పరిచి రెండు కట్టలు కలుపుతారు. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల చుట్టూ అద్దె గదుల్లో ఉండే కార్మికులకు రమ్మీ కొత్తేమీ కాదు. పల్లె నుంచి పనికి వచ్చిన కుర్రవాడు నాలుగు రోజులు పక్కన కూర్చుని చూస్తాడు. అయిదో రోజు "నాకూ పంచు అన్నా" అంటాడు.

నేర్చుకోవడం కష్టం కాదు. మనిషికి 13 ముక్కలు. వంతు వచ్చినప్పుడు ఒకటి తీయాలి, ఒకటి పడేయాలి. ఇస్పేటు 5, 6, 7 లాగా ఒకే రంగులో వరుసగా కలిస్తే సీక్వెన్సు. వేర్వేరు రంగుల్లో ఒకే అంకె మూడు కలిస్తే సెట్టు. సీక్వెన్సులు కనీసం రెండు ఉండాలి. వాటిలో ఒకటి జోకరు సాయం లేకుండా కలవాలి. చైనావారి మాజాంగ్ ఆటకూ దీనికీ పోలిక ఉంది. అక్కడ పేకకు బదులు బిళ్లలు. చేతిలో 13 ఉంచుకుని ఒకటి తీయడం, ఒకటి పడేయడం అక్కడా ఉన్నదే.

కొత్తవాడి తప్పులు

కొత్తవాడు రాజునూ, రాణినీ వదలడు. ఎదుటివాడు షో చెప్పాడంటే కలవని ఒక్కో బొమ్మకు 10 లెక్క పడుతుంది. తన ముక్కలే చూసుకుంటాడు గాని, పక్కవాడు ఏది ఎత్తుకున్నాడో గమనించడు. అన్నిటికంటే పెద్ద తప్పు, పనికిరాని పేక వచ్చినా డ్రాప్ చెప్పకపోవడం. సాధారణ లెక్కలో మొదటే డ్రాపయితే 20, మధ్యలో అయితే 40. ఏమీ కలవకుండా దొరికితే 80. "ఇంకొక్క ముక్క చూద్దాం" అన్న ఆశే 20ని 80 చేస్తుంది.

పందెంతోనే చిక్కు

కాగితం మీద నష్టానికి 80 హద్దు. జేబులోంచి డబ్బు తీస్తే హద్దు ఉండదు. పోయింది రాబట్టాలని మరో ఆట, అప్పు తెచ్చి ఇంకో ఆట. చివరికి ఊళ్లో తల్లిదండ్రులకు పంపాల్సిన జీతం చాప మీదే మిగులుతుంది. సెల్‌ఫోన్‌లో ఆడేవాడికి ఎదుటివాడి ముఖమైనా కనబడదు, ఇక చాలించమని చెప్పే అన్న కూడా పక్కన ఉండడు.

రమ్మీ కేవలం అదృష్టం మీద నడిచేది కాదనీ, ముక్కలను గుర్తుపెట్టుకునే నేర్పు కావాలనీ 1960 దశకం చివర సికిందరాబాద్ క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాటను పట్టుకుని పందేలు కాసినవారు ఎందరో. తెలంగాణ ప్రభుత్వం 2017లో గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు పందేనికి ఆ మినహాయింపు లేకుండా చేసింది. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది.

పైసా పెట్టకుండా కాగితం మీద లెక్క రాసుకుని ఆడితే రమ్మీ మంచి కాలక్షేపమే. జ్ఞాపకశక్తికీ పని. కొత్త కుర్రవాడికి ముక్కలు పంచే అన్నలు సీక్వెన్సు కంటే ముందు డ్రాప్ చెప్పడం నేర్పాలి. పందెం మాట వచ్చిన చోట లేచి వెళ్లిపోవడమూ నేర్పాలి.