నీటి పద్దు – పెద్దల బడి

పర్యావరణ విద్య యను మాట నేడు మన పట్టణములలో తఱచుగా వినవచ్చుచున్నది. ఉపాధ్యాయులకు శిక్షణ తరగతులు, రైతులకు అవగాహన సదస్సులు, పెద్దలకు కార్యశాలలు జరుగుచునే యున్నవి. సభాభవనమున కుర్చీలు వేయుదురు. వేదికపై పెద్దలు కూర్చుందురు. ప్రకృతిమాత మహిమను గూర్చి యొకరు, మానవుని దురాశను గూర్చి మఱియొకరు ప్రసంగింతురు. మధ్యాహ్నము భోజనము, సాయంకాలము ప్రశంసాపత్రము. మఱునాడు రైతు తన బోరుబావి మోటారు మీట నొక్కును. ఉపాధ్యాయుడు పాఠ్యపుస్తకము తెఱచును. ఏ మార్పును లేదు. ఇందులకు రైతు మూర్ఖుడనియు, ఉపాధ్యాయుడు అలసుడనియు నిందించుట సులభము. కాని దోషము వారిది కాదు, బోధించిన పద్ధతిది.

వయోజనుడు వ్రాయని పలక వంటివాడు కాడు. ముప్పది నలువది యేండ్ల యనుభవముతో అతడు బడికి వచ్చును. అప్పు, పంట, కూతురి పెండ్లి, పొరుగువానితో గట్టుతగవు, ఇవన్నియు వెంటబెట్టుకొని వచ్చును. నీరు పొదుపు చేయవలెనని చెప్పినచో తల యూపును. ఏలయన నది యతడెఱుగని సంగతి కాదు. తన యూరి నేలక్రింద ఎంత నీరున్నదో, తాను ఎంత తోడుచున్నాడో, వేసవికి ఎంత మిగులునో, ఇది మాత్రమే యతనికి తెలియదు. ఒకరు చెప్పినను నమ్మడు. తన చేతితో కొలిచిననాడు నమ్మును. కావున పెద్దలకు పర్యావరణ విద్య గఱపదలచినవారు ఉపన్యాసమును కట్టిపెట్టి కొలతాడును వారి చేతి కీయవలెనని మా యభిప్రాయము. ఇది వట్టి యూహ కాదు. మన తెలుగు నేలపైననే, ఆఱువందలకు పైబడిన పల్లెలలో, కొన్ని యేండ్లపాటు జరిగి చూపిన పని.

ఆ పని యేమో తెలిసికొనుటకు ముందు ఆ నేల యెట్టిదో తెలియవలెను. రాయలసీమయు, తెలంగాణమును, ప్రకాశము జిల్లా పడమటి భాగమును అధికముగా కఠినశిలలపై నున్న ప్రాంతములు. అచ్చట భూమిక్రింద సముద్రము లేదు. రాతి పైపొర శిథిలమైన చోటను, లోపలి పగుళ్ళయందును నిలిచిన నీరే సర్వస్వము. కురిసిన వానలో పదింట నొక పాలో, అంతకు దక్కువయో మాత్రమే ఆ పగుళ్ళను చేరును. పూర్వము ఊటబావిని మనుష్యులు త్రవ్వగలిగినంత లోతే త్రవ్విరి. కపిలతో ఎద్దులు తోడగలిగినంత నీరే తోడిరి. ఆ కాలమున ఎద్దుల యలసటయే పొదుపు నేర్పెను. బోరు యంత్రమును, విద్యుత్తు మోటారును వచ్చిన పిమ్మట ఆ హద్దు తొలగిపోయినది. 2002వ సంవత్సరమున ఉమ్మడి రాష్ట్ర శాసనసభ నీరు, భూమి, చెట్ల చట్టమును జేసి, క్రొత్త బావికి అనుమతి కావలెనని విధించెను. 2004వ సంవత్సరమున ప్రభుత్వము సేద్యమునకు ఉచిత విద్యుత్తు నిచ్చెను. ఒక చేతితో వారించి, వేఱొక చేతితో నందించినట్లయ్యెను. పైగా రాత్రివేళ చేనులో బోరు దింపువాని నాపుటకు ఏ యుద్యోగి కాపు గాయగలడు? నేను తోడకున్న పొరుగువాడు తోడునను భయ ముండగా ఏ శాసనము పారును?

ఈ స్థితిలో, 2003వ సంవత్సరము మొదలు 2009 వఱకు, అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబ్‌నగర్, నల్లగొండ యను ఏడు కఱవు జిల్లాలలో రైతుల భూగర్భజల యాజమాన్య పథకమొకటి నడచినది. నెదర్లాండ్సు ప్రభుత్వము ధనము నిచ్చెను. ఐక్యరాజ్యసమితి యాహార వ్యవసాయ సంస్థ తోడ్పడెను. స్థానిక స్వచ్ఛంద సంఘములు పని జేసెను. ఆ పథకము బోర్లు వేయలేదు, పైపులు పంచలేదు. బడి పెట్టినది. దానికి రైతు నీటి పాఠశాల యని పేరు. ఇరువదియైదు ముప్పదిమంది రైతులు, స్త్రీలును పురుషులును, పదునైదు దినముల కొక పర్యాయము చేని గట్టున చేరెడివారు. ఒక్క దినమున ముగిసిన బడి కాదది. జూన్ నెల తొలకరితో మొదలై మఱుసటి మే నెల యెండలతో ముగియును. అనగా నీటికి గల యేడాది యెంతయో, బడికిని అంతయే.

ఆ బడిలో పాఠమేది? వర్షమాపకము నెదుట నిలిచి ప్రతి యుదయము వాన యెన్ని మిల్లీమీటర్లో చదువుట యొక పాఠము. ఎంచుకొన్న బావులలో పక్షమున కొకసారి కొలతాడు దింపి నీరెంత లోతున నున్నదో వ్రాయుట రెండవ పాఠము. పరిమాణ మెఱిగిన డ్రమ్ము నిండుట కెన్ని సెకండ్లు పట్టునో చూచి, మోటారు గంటకెన్ని లీటర్లు పోయునో కనుగొనుట మూడవది. ఈ యంకెలను పుస్తకమున దాచక, ఊరి నడుమ బోర్డుపై వ్రాసి పెట్టిరి. లెక్కకు హద్దు రెవెన్యూ గ్రామము కాదు. ఒక వాగునకు నీరు చేర్చు నేల యంతయు నొక కుటుంబముగా నెంచిరి. నీటికి సర్వే రాళ్ళు తెలియవు గదా! మన అడంగలు పుస్తకమున ఏ పంట యెంత వేసిరో, ఏ నీటితో పండించిరో వ్రాయుదురు. ఆ నీరు ఇంకను ఎంత యున్నదో వ్రాయు గడి యందు లేదు. ఆ లోపమును ఈ బడి తీర్చెను.

ఆ లెక్క యెట్టిదో పాఠకులు స్వయముగా వేసి చూడవచ్చును. ఎకరము నేలపై ఒక మిల్లీమీటరు వాన కురిసిన, అది 4,047 లీటర్లు. అనంతపురపు సగటు వాన ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అనగా ఎకరమునకు 22 లక్షల లీటర్లకు పైమాట. అందు పదవవంతు భూమిలోని కింకినదనుకొన్నచో 2 లక్షల 22 వేల లీటర్లు. వరి పైరునకు కావలసిన నీరు సుమారు 1,200 మిల్లీమీటర్లు. ఎకరమునకు 48 లక్షల లీటర్లను మించును. కావున వానలు వెడలిన పిమ్మట బోరుక్రింద ఒక యెకరము వరి పండించువాడు ఇరువదిరెండెకరముల నేల యింకించుకొన్న నీటిని త్రాగించుచున్నాడు. పొలమునుండి కొంత నీరు మఱల నేలలోని కింకునందురా? సగము తిరిగి వచ్చినను పదునొకండెకరముల నీరు వ్యయమైనట్లే. వేరుసెనగ వంటి ఆరుతడి పైరునకు 500 మిల్లీమీటర్లు చాలును. అప్పుడు తొమ్మిదెకరముల నీరు. కొఱ్ఱయు, జొన్నయు ఇంకను తక్కువ కోరును. ఈ లెక్కకు పట్టభద్రుడు కానక్కరలేదు. కూడిక, గుణకారము వచ్చిన చాలును. గంటల యుపన్యాసము చేయలేని పనిని ఈ నాలుగు పంక్తులు చేయును.

అక్టోబరులో, వానలు తగ్గి రబీ విత్తుటకు ముందు, ఆ వాగు పరీవాహపు రైతులందఱు ఒకచోట గూడెడివారు. కురిసిన వాన యెంత, ఇంకిన దెంత, తోడిన దెంత యను జమాఖర్చు చదువుదురు. మనుష్యులకు, పశువులకు త్రాగునీరు తీసి వేయుదురు. పిమ్మట ఎవ్వరెవ్వరు ఏ పంట వేయదలచిరో కూడి చూపుదురు. ఆ పంటల కోరిక నిలువకంటె నెక్కువైనచో లోటెంతయో అందఱి యెదుట తేలును. ఇందు మిక్కిలి గమనింపదగిన విషయమేమనగా, వరి వేయవద్దని యెవ్వరిని ఎవ్వరు శాసింపలేదు, జరిమానా లేదు, ఏ పంటకును ధనసహాయము లేదు. అంకెలు విని ఇంటికిపోయి ఎవరి నిర్ణయము వారు చేసికొనిరి. ఫాల్గుణమాసమున బోరెండి పైరు మాడిన నష్టము తనదే యని రైతునకు తెలియును. పరోపకారబుద్ధి కలిగించుట కాదు, వివేకమునకు వలయు సాధన మొసంగుటయే ఆ బడి చేసిన పని.

ఫలిత మేమి? 2010వ సంవత్సరపు ప్రపంచ బ్యాంకు నివేదిక ప్రకారము, మూడేండ్లలో నూటికి 42 వాగు పరీవాహములందు రబీ తోడకము ఏటేట తగ్గినది; 51 యందు విడిచి విడిచి తగ్గినది; 7 యందు మాత్రమే పెరిగినది. పోలీసులు గాని, పన్ను గాని లేక లక్షలమంది చేతులలోని మీటలు ఈ మాత్రము అణగుట సామాన్య విషయము కాదు. అయినను సత్యము నొక వైపే చెప్పుట పత్రికాధర్మము కాదు. 2012వ సంవత్సరమున నీటి విధాన పరిశోధకులు కొందఱు ఆ పల్లెలను మఱల చూచి, చెప్పబడిన ఫలితము లంతటి విస్తారములు అగునాయని ప్రశ్నించిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. పరదేశ ధనముతో నడచిన పథకమునకు గడువుండును. నీటికి గడువు లేదు. పథకము ముగిసిన పిమ్మట కొలతాడును నిత్యము పట్టుకొను చేయి యేది? దానికి చోటు చూపవలసిన బాధ్యత మనది. 2019వ సంవత్సరము డిసెంబరులో కేంద్రప్రభుత్వము అటల్ భూజల పథకమును ప్రారంభించి, గ్రామపంచాయతీలచే నీటి పద్దులు వ్రాయించుటకు ఏడు రాష్ట్రముల నెన్నుకొన్నది. ఆ యేడింట ఆంధ్రప్రదేశము లేదు, తెలంగాణము లేదు. చేని గట్టున ముందుగా లెక్క వేసి చూపిన రైతులకు ఇంతకంటె చింతింపదగిన సంగతి యేమున్నది?

ఈ బోధనాపద్ధతికి మూలము ఇండోనేషియా వరిపొలములలో నున్నది. పురుగుమందు లెక్కువైన కొలది సుడిదోమ పెరుగుట జూచి, 1986వ సంవత్సరమున ఆ దేశాధ్యక్షుడు వరిపై 57 మందులను నిషేధించెను. నిషేధ మొక్కటియే చాలదని 1989 మొదలు పొలము బడులు వెలసెను. అచ్చట బోధకునికి నియమ మొకటి గలదు: రైతు పురుగును చూపి ఇదియేమని యడిగిన, పేరు చెప్పరాదు, అది యేమి తినుచున్నది, దానిని తినున దేది యని తిరిగి యడుగవలెను. రైతు చూచి తానే తెలిసికొనును. మన పూర్వులు ఉపనిషత్కాలమున శిష్యుల కట్లే యుత్తరమిచ్చిరి. చూపుటయే గాని చెప్పుట కాదు విద్య.

ఇక ఉపాధ్యాయుల సంగతి. 1977వ సంవత్సరమున టిబిలిసీ నగరమున జరిగిన అంతర్జాతీయ సమావేశము, పర్యావరణ విద్య అన్ని వయస్సులవారికి, బడిలోను బడి వెలుపలను జీవితాంతము సాగవలెనని తీర్మానించెను. 1991వ సంవత్సరము నవంబరులో మన సర్వోన్నత న్యాయస్థానము ఎం. సి. మెహతా వ్యాజ్యమున పాఠశాలలలో పర్యావరణమును నిర్బంధ పాఠ్యాంశముగా జేయవలెనని యాదేశించెను. పాఠము వచ్చినది. కాని పాఠమును చెప్పవలసిన ఉపాధ్యాయుని బావిగట్టు వఱకు తీసికొనిపోయినవారు అరుదు. తాను కొలువనివాడు కొలుచుట నెట్లు నేర్పును? భూగర్భజలము తగ్గుచున్నదని వ్రాయించి పది మార్కులు వేయును. బడి ప్రాంగణములోని బోరున నీరెన్ని యడుగుల లోతున నున్నదో గురుశిష్యు లిరువురును ఎఱుగరు. చేతిపనిద్వారా విద్య నేర్పవలెనని 1937వ సంవత్సరమున వార్ధాలో గాంధీమహాత్ముడు చెప్పిన దానికి ఇంతకంటె దగిన తావు లేదు. ప్రతి పాఠశాలలో నొక వర్షమాపకము, ఒక కొలతాడు, ఒక దినచర్య పుస్తకము చాలును. ఉపాధ్యాయుల శిక్షణ మూడు దినములతో ముగియక, జూన్‌లో మొదలై మేలో ముగియవలెను. బాలురు వ్రాసిన యంకెలను ఊరి బోర్డుపై నెక్కించినచో తండ్రులు చదువుదురు.

భూస్వాములగు పాఠకులు కొందఱు, నా నేల, నా బోరు, నా ధనము. మధ్య నీ లెక్క యెందులకని యడుగవచ్చును. చట్టము వారి పక్షముననే యున్నది. తన నేలక్రింది నీటిని భూయజమాని తోడుకొనవచ్చునను హక్కు 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టమునందు గలదు. ఆంగ్ల ప్రభుత్వము తన న్యాయసూత్రములను మన నేలపై పాతిపెట్టిన చట్ట మది. కపిల తోలిన దినములలో పుట్టినది, వేయడుగుల బోరు నెఱుగనిది. కడప జిల్లా పోరుమామిళ్ళ చెఱువుగట్టున 1369వ సంవత్సరపు శాసన మొకటి కలదు. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు వేయించినది. చెఱువునకు కావలసిన పండ్రెండు సాధనములను, కూడని ఆఱు దోషములను అది పేర్కొనుచున్నది. నీటి శాస్త్రమెఱిగినవాడు సాధనములలో నొకడు; నీరు కొంచెమై నేల విస్తారమగుట దోషములలో నొకటి. ఆ దోషమే నేడు మన బోర్లక్రింది సేద్యమునకు ప్రాణాంతకమై యున్నది. ఆఱువందల యేండ్లనాడు రాతిపై చెక్కిన జ్ఞానము మనకు క్రొత్తది కాదు; మఱచినది మాత్రమే.

పట్టణవాసులు ఇది పల్లెల గొడవ యని తలపరాదు. 2019వ సంవత్సరము వేసవిలో చెన్నపట్టణపు జలాశయము లెండినప్పుడు ధనికుల గృహములును ట్యాంకరు కొఱకు వీథిలో నిరీక్షించినవి. అపార్టుమెంటు బోరు ఎంత లోతున నీరు తాకుచున్నదో, మేడపై కురిసిన వాన ఎచ్చటికి పోవుచున్నదో నివాసుల సంఘములలో నెందఱు లెక్క వ్రాయుచున్నారు? వారికిని అదే బడి, అదే కొలతాడు వలయును.

మేము కోరునది బహుస్వల్పము. పంచాయతీ ప్రతి యూర నొక వర్షమాపకమును, కొన్ని బావుల కొలతను తన నిత్యకృత్యముగా స్వీకరించుగాక. ఉపాధ్యాయులు ఆ కొలతకు కాపరులగుదురుగాక. ప్రతి యక్టోబరున, విత్తుటకు ముందు, ఊరి నీటి పద్దును రచ్చబండ యొద్ద బిగ్గరగా చదువుదురుగాక. వినిన పిమ్మట ఏ పైరు వేయవలెనో రైతే నిర్ణయించుకొనును. వానికి బుద్ధి చెప్పవలసిన పని లేదు. లెక్క చూపవలసిన పని యున్నది. ఇంటి జమాఖర్చు వ్రాయనివానిని లోకము దుబారామనిషి యనును; ఊరి నీటికి జమాఖర్చు వ్రాయని జాతిని రేపటి తరము ఏమనునో మన పెద్దలే యాలోచింతురుగాక.