తాతయ్యగారి దీపం

మా ఇంట్లో పాత వైర్లూ చార్జర్లూ ఎప్పటికప్పుడు పారేస్తుంటాను. ఒక్క యూఎస్‌బీ దీపాన్ని మాత్రం మా ఆవిడ ముట్టుకోనివ్వదు. దాని మెడకి టేపు చుట్టి ఉంటుంది.

2005లో ఐదు డాలర్లకి కొన్నాను. అప్పుడు న్యూజెర్సీలో ఒకే పడగ్గది అపార్ట్‌మెంటు, నెలల పిల్ల. రాత్రి ఆఫీసు పని ఉండి లైటు వేస్తే పాప కేరుమనేది. ఈ దీపాన్ని లాప్‌టాప్‌కి గుచ్చి మెడ వంచితే, వెలుగు కీబోర్డు మీద మాత్రమే పడేది.

పిల్లలూ, ఇందులో పెద్ద కిటుకేం లేదు. ఆనాటి యూఎస్‌బీ కన్నం 5 వోల్టుల దగ్గర 500 మిల్లీఆంపుల దాకా ఇచ్చేది. అంటే రెండున్నర వాట్లు. చిన్న తెల్ల ఎల్‌ఈడీకి 3 వోల్టులు, 20 మిల్లీఆంపులు చాలు. మిగతా వోల్టులని రెసిస్టరు మింగేస్తుంది. నిజానికి లోపల వెలిగేది నీలి ఎల్‌ఈడీ. పైన పసుపుపచ్చ ఫాస్ఫర్ పూత ఉండటంవల్ల మనకి తెల్లగా కనిపిస్తుంది. ఆ నీలి ఎల్‌ఈడీని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురాలకి 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. అన్నట్టు, యూఎస్‌బీని రూపొందించిన ఇంటెల్ బృందంలో ముఖ్యుడు మన దేశంనుంచి వచ్చిన అజయ్ భట్!

2012 సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు ఆ దీపం నాన్నగారికి ఇచ్చి వచ్చాను. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు కోతలు ఎంతగా వేధించాయో అక్కడున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. వేసవిలో ప్రతి ఆదివారం మాకు ఉదయం పదింటికి, ఆయనకి రాత్రి ఏడున్నరకి, స్కైపులో మనవరాలికి పంచతంత్రం కథ చదివేవారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయేది. “తాతయ్య కనబడటం లేదు” అని పాప లేచిపోయేది.

“ఒక కన్నంలో డేటా కార్డు ఉంది కదా, రెండోదాంట్లో దీపం పెట్టండి నాన్నగారూ” అన్నాను. పెట్టారు. ముఖం కనబడింది, పుస్తకమూ కనబడింది.

ఆ రోజు సింహం, కుందేలు కథ. పుస్తకాన్ని చేతికందినంత దూరం జరిపి చదువుతున్నారు. మధ్యలో పాప అడ్డొచ్చింది.

“తాతయ్యా, కుందేలు ఇంకా బయల్దేరనే లేదుగా! సింహం అప్పుడే బావిలో ఎలా పడింది?”

“కరెంటు లేదు కదా అమ్మలూ, సరిగా ఆనడం లేదు.”

“దీపం ఉందిగా!”

ఆయన మాట్లాడలేదు. నేనూ, మా ఆవిడా ముఖాలు చూసుకున్నాం. అంతవరకూ ప్రతిసారీ చీకటిమీదే నెట్టేశారు. అమ్మని నిలదీస్తే అప్పుడు చెప్పింది: రెండు కళ్ళకీ శుక్లాలట, మాకు చెప్పొద్దన్నారట. “అంత దూరంనుంచి మీరేం చేస్తారని” అంది. కోపం వచ్చింది కానీ ఎవరిమీదో తెలియలేదు. సెలవు పెట్టి వెళ్ళి, దగ్గరుండి ఆపరేషన్ చేయించాను.

తర్వాత ఇంట్లో ఇన్వర్టర్ పెట్టించాం, దీపం మాకు తిరిగి వచ్చేసింది. మెడ విరిగింది ఆ ప్రయాణంలోనే.

కొత్త కళ్ళజోడు వచ్చాక, ఆదివారం అదే కథ మొదటినుంచి చదివారు. ఈసారి కుందేలు బయల్దేరింది, దారిలో ఆలస్యం చేసింది, సింహాన్ని బావి దాకా తీసుకెళ్ళింది. పాప ఒక్క పేజీ కూడా వదలనివ్వలేదు.