పురిటిబిడ్డకు పాసుపోర్టు

చెన్నపట్టణమును కలకత్తాను గలుపు 16వ నెంబరు జాతీయ రహదారి ప్రక్కన, ఏలూరు జిల్లా భీమడోలు మండలమున గుండుగొలను గ్రామము గలదు. దానికి ఉత్తరమున మెట్ట పొలములు, దక్షిణమున కొల్లేటి పల్లపు భూములు. ఈ ప్రాంతపు ధాన్యమును, కొల్లేటి చేపలును ఈ బాటవెంటనే దూరదేశములకు బోవుచున్నవి. మన యువజనులును ఈ బాటవెంటనే పోవుచున్నారు. పెద్ద చదువులు చదివినవారు అమెరికాకును, కాయకష్టమును నమ్ముకొన్నవారు గల్ఫు దేశములకును తరలుచున్నారు. పురిటికై పుట్టింటికి వచ్చిన కుమార్తె బిడ్డ నెత్తుకొని భర్తకడకు మరల పోవలెనన్నను, సముద్రములకావల పుట్టిన మనుమడు తాతగారి యింటికి రావలెనన్నను, ఆ పసికందు పేర నొక పాసుపోర్టు ఉండితీరవలయును. ఒకప్పుడు తల్లి పాసుపోర్టులోనే బిడ్డ పేరు చేర్చెడివారు. ఆ పద్ధతి పోయినది. తల ఎత్తలేని శిశువైనను నేడు వేఱు పాసుపోర్టు లేనిదే సరిహద్దు దాటజాలదు.

ఈ విషయమున మన గృహస్థులు పడుచున్న చిక్కులకు కారణము పాసుపోర్టు కచేరియే యని తలచుట పరిపాటి. మా యభిప్రాయమున చిక్కు అచ్చట పుట్టుట లేదు. అది బిడ్డ పుట్టిననాడే, జననముల రిజిస్టరులోని యొక పంక్తియందు పుట్టుచున్నది. మన రైతులు సెంటు భూమికైనను సర్వే నెంబరు, హద్దులు, అడంగలు, పాసుపుస్తకము సరిచూచుకొనక నిదురపోరు. ఒక్క అక్షరము తప్పిన యెడల తహసీలుదారు కచేరి చుట్టును ఏడాది తిరుగుదురు. అట్టివారే వంశాంకురమునకు సంబంధించిన యొక్క పంక్తిని ఆసుపత్రి గుమాస్తా దయకు విడిచిపెట్టుచున్నారు. భూమికి పట్టా యెట్టిదో, పౌరునకు జనన పత్రమట్టిది. పాసుపోర్టు దానిపై మొలచు మొలక.

జననముల నమోదు మనకు క్రొత్తది కాదు. 1899 నాటి మదరాసు చట్టము క్రిందనే గ్రామములయందు చావుపుట్టుకల లెక్కలు వ్రాయుచుండిరి. నేడు దేశమంతటికిని 1969 నాటి జనన మరణ నమోదు చట్టము వర్తించుచున్నది. దాని ప్రకారము జననమును 21 దినములలోగా తెలుపవలయును. ఆసుపత్రిలో పుట్టిన యెడల ఆసుపత్రి యధికారి తెలుపవలయును. ఇంటిలో పుట్టిన యెడల ఇంటి పెద్ద తెలుపవలయును. మొదటి పత్రము రుసుము లేకయే యియ్యవలయును. ఇందు మఱువరాని సంగతి యొకటి గలదు. జననము ఎచ్చట జరిగెనో అచ్చటనే నమోదగును గాని, తలిదండ్రులు నివసించు నూర గాదు. గుండుగొలను కుటుంబములోని బిడ్డయైనను, ఏలూరు ఆసుపత్రిలో పుట్టినచో ఏలూరు నగరపాలకసంస్థ రిజిస్టరులోను, తాడేపల్లిగూడెమున పుట్టినచో అచ్చటి పురపాలకసంఘపు రిజిస్టరులోను వెదకవలయును. స్వగ్రామమున పంచాయతీ కచేరిలో వెదకి, దొరకలేదని విచారించువారు అనేకులు. నమోదు జరుగకపోలేదు; వెదకిన చోటు వేఱు.

ఇరువదియొక్క దినముల గడువు దాటినను నెలలోగా జరిమానా రుసుముతో నమోదు చేయింపవచ్చును. నెల దాటి ఏడాదిలోగానైనచో పై యధికారి వ్రాతపూర్వకమైన యనుమతి కావలయును. ఏడాది దాటిన పిమ్మట, 2023 నాటి సవరణ ననుసరించి, జిల్లా మేజిస్ట్రేటు గాని ఆయనచే నధికారము పొందిన మేజిస్ట్రేటు గాని ఉత్తరు వియ్యవలయును. ఆలసించిన కొలది మెట్లు పెరుగుచుండును. పూర్వము వేఱు ఆధారములు చూపి గట్టెక్కుటకు కొంత వీలుండెను. ఇప్పుడదియు లేదు. 2023 అక్టోబరు 1వ తేదీనాడు గాని యటుపిమ్మట గాని పుట్టినవారికి, పుట్టిన తేదీని రుజువు చేయుటకు జనన పత్ర మొక్కటియే యాధారమని 2025 ఫిబ్రవరిలో పాసుపోర్టు నిబంధనలను సవరించిరి. కావున నేటి శిశువునకు ఈ పత్రము లేనిచో పాసుపోర్టు లేదు.

పేరు సంగతి యింతకంటె ముఖ్యమైనది. మన యిండ్లలో పదునొకండవ దినముననో ఇరువదియొకటవ దినముననో బారసాల చేసి, పళ్లెములోని బియ్యముపై బిడ్డ పేరు వ్రాయుట ఆచారము. చట్టము విధించిన గడువును ఇరువదియొక్క దినములే. పెద్దల యాచారమును రాజ్యాంగపు శాసనమును ఇంత చక్కగా నేకీభవించిన సందర్భము మఱొకటి యరుదు. అయినను మనవారు బియ్యముపై వ్రాసిన పేరును రిజిస్టరులో వ్రాయించుట మఱచుచున్నారు. పేరు లేకయే నమోదైన బిడ్డకు పండ్రెండు నెలలలోగా రుసుము లేకయే పేరు చేర్పించుకొనవచ్చును. పిదప రుసుముతో పదునైదేండ్లవరకు వీలు గలదు. కాని పేరు లేని జనన పత్రముతో పాసుపోర్టు కోరుట వ్యర్థము.

వ్రాసిన పేరునైనను సరిచూచుకొనవలయును. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనుక. పాసుపోర్టు దరఖాస్తులో ఈ రెండింటికిని వేర్వేరు గడులు. ఇంటిపేరును ఒక్క యక్షరముతో సరిపెట్టుట మన యలవాటు. పాసుపోర్టులో పొడి యక్షరములు పనికిరావు. ఇంగ్లీషు లిపిలో లక్ష్మి యను పేరును ఒకరు ‘ఎక్సు’ అక్షరముతోను, మఱొకరు ‘కె, ఎస్, హెచ్’ అక్షరములతోను వ్రాయుదురు. సుబ్బారావునకు ఒకచోట ఒక ‘బి’, మఱొకచోట రెండు. ఆసుపత్రి చీటీలో తల్లిపేరు అత్తవారి యింటిపేరుతోను, ఆమె పాసుపోర్టులో పుట్టింటి పేరుతోను ఉండును. తెలుగు చెవికి రెండును ఒకటియే. కచేరి కంటికి ఇద్దఱు వేర్వేరు మనుష్యులు. కావున తలిదండ్రుల పేర్లు వారి పాసుపోర్టులలోనో ఆధారు కార్డులలోనో ఉన్నట్లు తెల్లకాగితముపై వ్రాసి ఆసుపత్రివారి చేతికిచ్చుట యుత్తమము. ఇంతపాటి జాగ్రత్తవలన నెలల తిప్పట తప్పును.

జనన పత్రము సరిగా నున్న పక్షమున తక్కిన పని కఠినము గాదు. పూర్వము పాసుపోర్టుకై హైదరాబాదుకో విశాఖపట్టణమునకో పోవలసియుండెను. నేడు విజయవాడలోను భీమవరములోను సేవాకేంద్రములు గలవు. 2017 మొదలు ఎన్నో పట్టణముల తపాలా కచేరులలో గూడ కేంద్రములు తెరచిరి. దరఖాస్తు నింపి, దినము నిర్ణయించుకొని, బిడ్డను స్వయముగా తీసికొనిపోవలయును. తలిదండ్రు లిద్దఱును ‘డి’ అనుబంధముపై సంతకములు చేయవలయును. నాలుగేండ్లలోపు బిడ్డకు తెల్లని వెనుకభాగము గల ఫొటోను తలిదండ్రులే తేవలయును. రుసుము వేయి రూపాయలు. ఎనిమిదేండ్లలోపు వారికి నూటికి పది తగ్గింపు కలదు గనుక తొమ్మిదివందలు. తలిదండ్రులకు చెల్లుబాటగు పాసుపోర్టు లున్నచో శిశువు విషయమున పోలీసు విచారణ తరచుగా నుండదు. శిశువునకిచ్చు పాసుపోర్టు ఐదేండ్లు మాత్రమే చెల్లును. పసిమొగము మాఱిపోవును గదా!

తండ్రి దూరదేశమున నుండి సంతకము చేయనిచో, లేక భార్యాబిడ్డలను విడనాడినచో తల్లి గతి యేమి? ఈ ప్రశ్న మన జిల్లాలలో వినోదమునకు వేసినది కాదు. 2016 డిసెంబరులో ప్రకటించిన మార్పులవలన తల్లి పేరైనను తండ్రి పేరైనను ఒక్కటియే చాలుననియు, వివాహ పత్రము చూపనక్కఱలేదనియు నిర్ణయమైనది. రెండవవారి సమ్మతి దొరకనప్పుడు ‘సి’ అనుబంధముపై తల్లి యొక్కతెయే కారణములు తెలిపి దరఖాస్తు పెట్టుకొనవచ్చును. దీనికి నోటరీ ముద్రయు నవసరము లేదు. ఈ సంగతి తెలియక మధ్యవర్తుల కప్పు చేసి డబ్బిచ్చుచున్న యాడుబిడ్డలు గలరు. తెలిసిన పెద్దలు చెప్పుట ధర్మము.

బిడ్డ హక్కును తల్లి వివాహ పత్రముతో తూచుట యెంత యన్యాయమో మన జాతి చరిత్ర యెఱుగును. 1860 మొదలు మదరాసు రేవునుండి నేటాలునకు కూలీలుగా పోయినవారిలో తెలుగువా రనేకులు. 1913లో దక్షిణాఫ్రికా న్యాయమూర్తి సెర్లు, క్రైస్తవపద్ధతిని జరుగని వివాహములు అచ్చటి చట్టమునకు చెల్లవని తీర్పు చెప్పెను. ఒక్క కలముపోటుతో భార్యలు భార్యలు గాకపోయిరి. బిడ్డల ప్రవేశహక్కునకే ముప్పు వచ్చెను. గాంధీమహాత్ముని సత్యాగ్రహమున స్త్రీలు చెరసాలలకు పోయినది ఈ యవమానమును సహింపజాలకయే. మన తీరమునకు మఱింత దగ్గఱి దృష్టాంతము బర్మా. అది 1937వఱకు హిందూదేశములోని రాష్ట్రమే గనుక, కాకినాడలో ఓడ యెక్కి రంగూనునకు పోవువానికి పాసుపోర్టుతో పనిలేకుండెను. ఆ సంవత్సరము ఏప్రిలులో అది వేఱుపడినది, 1948లో స్వతంత్రమైనది. పొరుగూరివలె నుండిన రంగూను పరదేశమైనది. అచ్చట పుట్టిన తెలుగుబిడ్డ తా నే దేశపువాడో కాగితముతో నిరూపించుకొనవలసినవాడయ్యెను. 1964 తరువాత వేలకొలది కుటుంబములు కట్టుబట్టలతో తిరిగివచ్చినవి.

స్వతంత్ర భారతమునందైనను పాసుపోర్టు చిరకాలము ప్రభుత్వపు అనుగ్రహముగనే యుండెను. దానిని హక్కుగా నిలిపినది 1967 ఏప్రిలు 10వ తేదీనాటి సత్వంతుసింగు సాహ్నీ వ్యాజ్యపు తీర్పు. విదేశయానము రాజ్యాంగము 21వ యధికరణములోని వ్యక్తిస్వాతంత్ర్యమున నొక భాగమని సుప్రీముకోర్టు అధికసంఖ్యాకుల పక్షమున ఆ తీర్పు వ్రాసినవారు ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు. మన గోదావరి యొడ్డున రాజమహేంద్రవరమున జన్మించినవారు. ఆ తీర్పు ఫలితముగనే యా సంవత్సరము పాసుపోర్టు చట్టము వచ్చినది. పదునొకండేండ్ల తరువాత, 1978లో, మేనకా గాంధి వ్యాజ్యమున ఈ హక్కు మఱింత బలపడినది. పురిటిబిడ్డకైనను పాసుపోర్టు నిచ్చుట దయాభిక్ష కాదనియు, పౌరుని హక్కనియు మనము జ్ఞప్తియందుంచుకొనవలయును.

ఇక పరదేశమున పుట్టిన బిడ్డల సంగతి. గల్ఫు దేశములలో పుట్టినంతమాత్రమున ఆ దేశపు పౌరసత్వము రాదు. మన 1955 నాటి పౌరసత్వ చట్టము 4వ విభాగము ప్రకారము, 2004 డిసెంబరు 3వ తేదీ మొదలు విదేశమున పుట్టిన బిడ్డ జననమును ఏడాదిలోగా భారత రాయబార కార్యాలయమున నమోదు చేయింపవలయును. బిడ్డకు వేఱు దేశపు పాసుపోర్టు లేదని తలిదండ్రులు ప్రకటింపవలయును. ఏడాది దాటినచో కేంద్రప్రభుత్వపు అనుమతి కావలయును. ఉద్యోగస్థులకిది సులభమే. ఉభయగోదావరుల గ్రామములనుండి ఇంటిపనికి పోయిన నిరుపేద స్త్రీ మాటయే మేము తలంచుచున్నది. యజమాని యిల్లు విడిచి, అనుమతి గడువు తీఱి, తలదాచుకొన్నచోట బిడ్డను గన్నచో, ఆ దేశములలో పెక్కింట వివాహ పత్రము లేనిదే జనన పత్రము దొరకదు. జనన పత్రము లేనిదే పాసుపోర్టు దొరకదు. పాసుపోర్టు లేనిదే బిడ్డతో స్వదేశమునకు రాలేదు. తల్లిని పంపివేయుదుమందురు, చంటిబిడ్డను వదలి ఏ తల్లి విమానమెక్కును?

అమెరికాలో పుట్టినవారి స్థితి వేఱు. 1868 నాటి పదునాలుగవ సవరణ ననుసరించి అచ్చట పుట్టిన బిడ్డను ఆ దేశపు పౌరునిగా నెంచుచు వచ్చిరి. కావున శిశువు అమెరికా పాసుపోర్టుతోనే మన దేశమునకు వచ్చుచుండును. 2025 జనవరి 20వ తేదీన అధ్యక్షుడు ట్రంపు, తాత్కాలికానుమతులపై నున్నవారి బిడ్డలకు ఈ హక్కును నిరాకరించుచు ఉత్తరువు చేసెను. మూడు దినములలోనే ఒక న్యాయస్థానము దాని నాపినది. 2025 డిసెంబరులో అమెరికా సుప్రీముకోర్టు ఆ వివాదమును విచారణకు స్వీకరించినది. పెద్ద యుద్యోగములలో నున్నవారి బిడ్డయైనను, పాలకుని సంతకముతో ఒక్కరాత్రిలో సందేహాస్పదుడు కాగలడని ఈ యుదంతము మనకు నేర్పినది. మఱొక సంగతి భూస్వాములు గమనింపవలయును. విదేశ పౌరుడైన మనుమనికి మనవారిచ్చు ఓ.సీ.ఐ. కార్డువలన రాకపోకలు సులభమగును గాని, ఓటు హక్కు రాదు. వ్యవసాయభూమిని వారసత్వముగా పొందగలడు గాని కొనజాలడు. తాత దున్నిన చేని ప్రక్కచేనిని మనుమడు కొనలేడు. బిడ్డకు ఏ దేశపు పాసుపోర్టు తీసికొనవలెనను నిర్ణయములో ఇదియు నిమిడియున్నది.

ప్రభుత్వమువారికి మా మనవులు మూడు. ఆసుపత్రినుండి తల్లి యింటికి పోవుటకు ముందే, పేర్లు ఆమెకు చదివి వినిపించి, తప్పులు దిద్ది జనన పత్రము చేతికియ్యవలయును. తండ్రి సంతకము లేకయే తల్లి పాసుపోర్టు కోరవచ్చునను నిబంధనను ప్రతి గ్రామ సచివాలయమునందును తెలుగున వ్రాసి గోడకు తగిలింపవలయును. గల్ఫు దేశములలో జనన పత్రము దొరకని తెలుగు తల్లుల బిడ్డలను మన రాయబారులు స్వయముగా విచారించి, తల్లి పౌరసత్వమే యాధారముగా ప్రయాణపత్రము నిచ్చి యింటికి చేర్పవలయును. బిడ్డ చేసిన నేరమేమియు లేదు.

పాఠకులకు మా మనవి యొక్కటియే. బారసాలనాడు పురోహితునకు దక్షిణ యిచ్చిన పిమ్మట, ఇంటిలో నొకరు ఆసుపత్రి చీటీ తీసికొని, జననము జరిగిన యూరి రిజిస్ట్రారు కచేరికి పోవలయును. అత్తవారింటికి కబురు పంపుట యెంత యవసరమో ఇదియు నంత యవసరము. ఆ బిడ్డ ఎన్నడును ఊరు దాటకపోవచ్చును; సప్తసముద్రములు దాటవచ్చును. ఎచ్చటికి పోయినను, తానెవరి బిడ్డయో, ఏ దేశపు బిడ్డయో చెప్పుకొనుటకు ఒకరి దయకై చేయి చాపనక్కఱలేని స్థితిని కల్పించుట తలిదండ్రుల మొదటి బాధ్యతయని మేము విశ్వసించుచున్నాము.