పని మారునప్పుడు ఇంటికి నిలువనిధి

వ్యవసాయము నొక్కదానినే నమ్ముకొని జీవించు కుటుంబములు మన గ్రామములలో నానాటికి తగ్గుచున్నవి. తండ్రి పొలము చూచుకొనుచుండగా కుమారుడు బియ్యపు మిల్లులోనో, పట్టణమందలి దుకాణములోనో జీతమునకు కుదురుట నేడు సాధారణమైనది. అట్టివాడు ఉన్న పని విడిచి వేరొక పనికి పోవలెనని తలచినప్పుడు, అది వానియొక్కని సంగతి కాదు, ఇంటిల్లిపాది సంగతి. మన సంఘమునకును సంబంధించిన సంగతియే. ఏలయన, ఆ రెండు మూడు నెలలలో తప్పిన కిస్తు తుదకు సంఘపు బకాయి పట్టికలోనికే చేరును. కావున సభ్యు లీ విషయమును ముందుగానే ఆలోచించుకొనుట మేలు.

సంఘము చేయుపని ఇల్లు చేయవలదా?

సహకార సంఘము తన లాభమునంతయు సభ్యులకు పంచిపెట్టదు. కొంతభాగమును నిలువనిధిగా వేరుచేయును. 1912వ సంవత్సరపు సహకార సంఘముల చట్టమునందే, సంఘము లాభమునుండి ధర్మకార్యమునకు పైకము నీయదలచినచో, ముందుగా నికరలాభములో నాల్గవవంతు నిలువనిధికి చేర్చియుండవలెనని నిబంధన యుండెను. ధర్మము సయితము నిలువనిధి తరువాతనే యన్నమాట! పంటలు పోయిన సంవత్సరమునను, వసూళ్లు నిలిచిన సంవత్సరమునను సంఘమును కాపాడునది ఆ నిధియే.

ఇంత తెలిసిన మనము మన యింటి విషయమున నేమి చేయుచున్నాము? కొత్త జీతము పాత జీతముకంటె ఎంత హెచ్చో లెక్కించుకొందుము గాని, పాత జీతము ఆగిన దినమునుండి కొత్త జీతము పూర్తిగా చేతికందు దినమువరకు ఇల్లు దేనితో నడుచునో లెక్కించుకొనము. చక్కగా నడుచుచున్న సంసారములు చిక్కులలో పడునది ఈ నడిమి కాలమునందే.

ఒక లెక్క

ఉదాహరణమున కొక కుటుంబమును తీసికొందము. వృద్ధులైన తల్లిదండ్రులు, దంపతులు, బడికిపోవు ఇద్దరు పిల్లలు, రెండెకరముల సొంతభూమి, ఒక పాడిగేదె. ఇంటియజమాని ఊరి మిల్లులో గుమాస్తా. జీతము నెలకు 18,000 రూపాయలు. ఇంటిఖర్చు 15,000. ముప్పది కిలోమీటర్ల దూరమున నున్న పట్టణములో 24,000 రూపాయల పని దొరకినది. పైకి చూచిన నెలకు 6,000 లాభము.

అతడు భార్యాబిడ్డలతో పట్టణమునకు మారినచో ఇంటి అద్దె 5,000. తల్లిదండ్రులను చూడ వచ్చిపోవుటకు 1,500. ఇంట గేదె యున్నంతకాలము కొనని పాలకు, లీటరు 60 చొప్పున దినమున కొక లీటరుకు, 1,800. మొత్తము 8,300. అనగా 6,000 హెచ్చు వచ్చియు నెలకు 2,300 లోటే. ఒంటరిగా పోయి గదిలో నున్నచో గదికిని భోజనమునకును 5,500 అగును, మిగులునది 500. దినదినము ప్రయాణము చేసినచో బస్సుఖర్చు 2,000 పోగా 4,000 మిగులును.

ఈ మూడవ మార్గమే మేలైనదని కాగితము చెప్పుచున్నది. అయితే కాగితము చెప్పని సంగతి యొకటి కలదు. అతడు తెల్లవారకమునుపు బయలుదేరి ప్రొద్దుగూకిన పిదప ఇల్లు చేరును. పొలమునకు నీరు పెట్టుట, గేదెను చూచుట, ముసలివారి మందులు, పిల్లల చదువు — అన్నియు ఇల్లాలి నెత్తిన పడును. ఆమె శ్రమ ఏ చిట్టాలోను వ్రాయబడదు. వ్రాయబడనంత మాత్రమున అది ఖర్చు కాకపోదు. ఆమె జబ్బుపడిన నెలలో ఆ 4,000 రూపాయలు వైద్యునికే చాలవు. కాబట్టి కొత్త పనికి ఒప్పుకొనుటకు పూర్వము ఇల్లాలిని, తల్లిదండ్రులను కూర్చుండబెట్టి, ఏ పని ఎవరు చేయుదురో, దేనికి కూలి పెట్టవలెనో తేల్చుకొనవలెను. నిశ్చయము చేసికొని వచ్చి చెప్పుట వేరు. అడిగి నిశ్చయించుట వేరు. పెద్దబిడ్డలకు సయితము ఆ నాలుగు మాసములు కొత్తబట్టలు ఉండవని ముందుగా చెప్పినచో వారు అర్థము చేసికొందురు, చెప్పకున్న నలుగుదురు.

జూన్ మాసపు గండము

పైవాడు మే నెలాఖరున పాతపని మానెననుకొందము. మే జీతము జూన్ 7వ తేదీని వచ్చును. జూన్ 16వ తేదీని కొత్తపనిలో చేరును. జూలై 7న వానికి వచ్చునది అరనెల జీతము, 12,000 మాత్రమే. పూర్తి జీతము ఆగస్టు 7న గాని చేతికి రాదు. ఈ రెండు నెలలకు రాబడి 30,000. మామూలు ఇంటిఖర్చును 30,000. సరిపోయినదికదా యనుకొనరాదు. జూన్‌లో బడులు తెరతురు. పుస్తకములకు, రుసుములకు 9,000. సంసారమును తరలించినచో ఇంటి బయానా 10,000, సామాను బండికి 4,000, నెలన్నరకు పైన చెప్పిన హెచ్చుఖర్చు 12,450. వెరసి 35,450 రూపాయల లోటు. దినప్రయాణమైనను, బడిఖర్చు 9,000, బస్సు 3,000 కలిసి 12,000 లోటు.

సరిగా ఈ కాలముననే ఏరువాక సాగును. పంటఋణము చేతికి వచ్చును. ఇంట లోటు, చేతిలో సంఘపు పైకము! "ఆగస్టు జీతమునుండి సర్దుదములే" యని విత్తనములకు, ఎరువులకు తెచ్చిన సొమ్ము అద్దెకు, బడికి పోవును. నారు ఆలస్యమగును, ఎరువు సగమే పడును, పంట తగ్గును, కిస్తు తప్పును. ఉద్యోగము బాగుపడియు ఇల్లు అప్పులలో దిగు విధానమిది.

కిస్తు తప్పుట చిన్న నష్టము కాదు. 3 లక్షల రూపాయల వరకు గల స్వల్పకాలిక పంటఋణములకు కేంద్రప్రభుత్వపు వడ్డీ రాయితీ పథకము క్రింద వడ్డీ నూటికి 7. గడువులోపల చెల్లించినవారికి మరి 3 తగ్గి 4 మాత్రమే పడును. లక్ష రూపాయల ఋణముపై సంవత్సరమునకు 3,000 రూపాయల భేదము. ఇక ఆ లోటును బయట నూటికి నెలకు 2 రూపాయల వడ్డీకి తెచ్చినచో 35,000 అప్పుపై నెలకు 700 వడ్డీకే పోవును. దీనికితోడు మనకు జామీనుగా నిలిచిన సాటిసభ్యుని గౌరవము కూడ మన కిస్తుతో ముడిపడియున్నది.

ముందు చేయదగిన పనులు

మొదటిది, ఇంటి నిలువనిధి. మూడునెలల ఇంటిఖర్చు, పై కుటుంబమునకు 45,000 రూపాయలు, చేరినగాని పని మారరాదు. నెలకు 2,500 చొప్పున కట్టినచో పదునెనిమిది నెలలలో చేరును. జీతము వచ్చిన దినముననే కట్టవలెను. నెలాఖరున మిగిలినది కట్టుదమన్న ఏమియు మిగలదు. ఈ డిపాజిట్టును ఇల్లాలి పేరనో, ఇరువురి పేరనో ఉంచుట మంచిది. ఎక్కడ ఉంచుకొన్నను ఒక సంగతి తెలిసియుండవలెను. 2020 ఫిబ్రవరి 4వ తేదీనుండి బ్యాంకులలోని డిపాజిట్లకు, సహకార బ్యాంకులతో సహా, ఒక్కొక్కరికి ఒక్కొక్క బ్యాంకులో 5 లక్షల వరకు భీమా కలదు. గ్రామ ప్రాథమిక సంఘములకు ఆ భీమా లేదు. కావున మన సంఘములో దాచుకొను సభ్యుడు మహాజనసభకు వచ్చి ఆడిటు నివేదికను అడిగి వినుట తన సొమ్మును తాను కాపాడుకొనుటయే.

రెండవది, కాలనిర్ణయము. మన చేతిలోని పని యైనచో జూన్‌లో మారరాదు. సంక్రాంతి దాటి, ధాన్యపు సొమ్ము చేతికివచ్చి, కిస్తు చెల్లిన పిదప మారవలెను. అతడు ముందుగా కొన్ని నెలలు ప్రయాణము చేసి పని నిలుచునదో లేదో చూచుకొని, పిల్లల పరీక్షలైన తరువాత సంసారమును కదలింపవచ్చును. గేదెను తొందరపడి అమ్మరాదు. పని నిలువకున్న తిరిగి కొనుట కష్టము.

మూడవది, భవిష్యనిధి. 20 మందికి తక్కువకాకుండ పనిచేయు సంస్థలలో ఉద్యోగుల భవిష్యనిధి వర్తించును. పని మారినప్పుడు ఆ సొమ్మును తీసి ఖర్చుపెట్టుకొనుట పలువురి అలవాటు. అది తగదు. 2014నుండి ప్రతి ఉద్యోగికిని పని మారినను మారని ఒక సంఖ్య ఇయ్యబడుచున్నది. దానిద్వారా పాతనిధిని కొత్తదానిలోనికి మార్చుకొనవచ్చును. పింఛనుకు 10 సంవత్సరముల సేవ కావలెను. నడుమ తీసికొన్నవాడు ఆ లెక్కను మరల మొదటినుండి ప్రారంభించును. 5 సంవత్సరముల సేవ నిండకమునుపు తీసినదానికి ఆదాయపుపన్ను బాధకూడ కలదు.

నాల్గవది, బియ్యపు కార్డు. ఊరు మారిన కుటుంబము కార్డు మార్చుకొనువరకు బియ్యము పోగొట్టుకొననక్కరలేదు. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణములమధ్య ఆరంభమైన ఏర్పాటు తరువాత దేశమంతట వ్యాపించినది. ఉన్నచోటనే వ్రేలిముద్రవేసి బియ్యము తీసికొనవచ్చును.

ఐదవది, సంఘమునకు ముందుగా తెలుపుట. కిస్తు తప్పిన పిమ్మట వచ్చి కారణములు చెప్పువానికంటె, తప్పకమునుపే వచ్చి తన లెక్క చూపు సభ్యునికి కార్యదర్శి ఎక్కువ సాయము చేయగలడు. అందులో సిగ్గుపడవలసినది లేదు.

పని మారుట తప్పు కాదు. మేలైన జీతముకొరకు ప్రయత్నింపని కుటుంబము పైకిరాదు. అయితే ఏరు దాటువాడు ముందు లోతు చూచుకొనును. ఈ సంచికను చదివిన సభ్యుడు రేపు రాత్రి భోజనములైన పిమ్మట ఒక కాగితము తీసికొని, ఇల్లాలిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, తన యింటి మూడునెలల ఖర్చెంతో వ్రాసికొనినచో ఈ వ్యాసము వ్రాసిన శ్రమ ఫలించినట్లే.